ఇవాన్ బెత్స్కోయ్

ఇవాన్ ఇవానొవిచ్ బెత్స్కోయ్ (1704 ఫిబ్రవరి 14 - 1795 సెప్టెంబరు 11) 18వ శతాబ్దపు రష్యా రాజనీతిజ్ఞుడు, విద్యా సంస్కర్త. రెండవ కేథరిన్ చక్రవర్తినికి విద్యా విషయాలలో ప్రధాన సలహాదారుగా దాదాపు రెండు దశాబ్దాలు పనిచేశాడు. రష్యాలో ప్రభుత్వ ఆదరణతో నడచిన మొదటి పెద్ద అనాథ శిశుశరణాలయాన్ని మాస్కోలో స్థాపించాడు. బాలికల కొరకు స్మోల్నీ విద్యాసంస్థ ఇతని ప్రణాళిక ప్రకారమే ఏర్పడింది. మూడు దశాబ్దాలపాటు సాంక్ట్ పీటర్స్‌బర్గ్ లలితకళల అకాడమీకి అధ్యక్షుడుగా ఉన్నాడు. బెత్స్కోయ్ శరణాలయంలో చేరిన శిశువులలో అత్యధికులు బతకలేదు. అందువల్ల ఇతని జీవితాన్ని పరిశీలించిన చరిత్రకారులలో ప్రశంస, విమర్శ రెండూ కనిపిస్తాయి.

ఈ వ్యాసంలో బెత్స్కోయ్ జనన మరణ తేదీలు నేటి కాలెండరు ప్రకారం, రష్యాలో జరిగిన మిగిలిన సంఘటనల తేదీలు ఆనాటి రష్యా కాలెండరు ప్రకారం ఇవ్వబడ్డాయి. 18వ శతాబ్దంలో రెంటికీ మధ్య 11 రోజుల తేడా ఉండేది.

జననం, ఇంటిపేరు

బెత్స్కోయ్ స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో జన్మించాడు. తండ్రి రష్యా సేనాని ప్రిన్స్ ఇవాన్ యూర్యెవిచ్ త్రుబెత్స్కోయ్. 1700లో నార్వా యుద్ధంలో రష్యా ఓడిపోయినప్పుడు త్రుబెత్స్కోయ్ స్వీడన్‌కు బందీగా చిక్కి, 1718లో ఖైదీల మార్పిడి జరిగేవరకు అక్కడే ఉండిపోయాడు. ఉన్నత కుటుంబీకుడైన బందీ గనుక చెరసాలలో కాక పట్టణంలోనే కొంత స్వేచ్ఛతో జీవించాడు. ఆ కాలంలో ఒక స్వీడిష్ ఉన్నత వంశపు స్త్రీతో కలిగిన సంబంధం వలన ఈ కుమారుడు పుట్టాడు. త్రుబెత్స్కోయ్‌కి అప్పటికే రష్యాలో భార్య, కుమార్తెలు ఉన్నారు.

రష్యా ప్రభువంశాలలో వివాహేతర సంతానానికి తండ్రి ఇంటిపేరును పూర్తిగా ఇవ్వక, మొదటి అక్షరాలను తొలగించి మిగిలిన భాగాన్ని ఇచ్చే ఆచారం ఉండేది. త్రుబెత్స్కోయ్ కుమారుడు బెత్స్కోయ్ అయినట్లే, తరువాతి తరంలో ప్రిన్స్ రెప్నిన్ కుమారుడు ప్నిన్ అయ్యాడు. కవిగా పేరుపొందిన ఆ ఇవాన్ ప్నిన్, చట్టం నిరాకరించిన బిడ్డల తరఫున 1802లో చక్రవర్తికి ఒక విన్నపం రాసి సమర్పించాడు. ఇంటిపేరు వినగానే పుట్టుక సంగతి అందరికీ తెలిసిపోయేది. అయినా బెత్స్కోయ్ ఒక విధంగా అదృష్టవంతుడు. తండ్రి ఇతనిని తనవాడిగా ఒప్పుకున్నాడు, చదివించాడు, తరువాత తన వద్దనే కొలువు ఇచ్చాడు. త్రుబెత్స్కోయ్‌కి భార్య వలన మగ సంతానం లేకపోవడం ఇందుకు కొంత కారణం కావచ్చు. ఇటువంటి పుట్టుకే కలిగిన పేద బిడ్డలకు ఆనాటి రష్యాలో చలిలో, చర్చి గడప మీదనో వంతెన కిందనో వదలివేయబడటమే గతిగా ఉండేది.

విద్య, దేశాటనం

బెత్స్కోయ్ డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోని సైనిక పాఠశాలలో చదువుకున్నాడు. కొంతకాలం డేనిష్ అశ్వికదళంలో పనిచేశాడు. కవాతులో గుర్రంమీదినుండి పడి గాయపడటంతో సైనిక వృత్తి విడిచిపెట్టవలసి వచ్చింది. తరువాత ఐరోపాలో సంచరించి, 1720లలో రష్యాకు వచ్చి తండ్రికి కార్యదర్శిగా, సహాయకుడుగా పనిచేశాడు.

1741లో ఎలిజబెత్ సింహాసనాన్ని అధిష్ఠించినప్పుడు బెత్స్కోయ్ కుటుంబానికి దర్బారులో ప్రాముఖ్యం పెరిగింది. ఇతని సవతి సోదరి అనస్తాసియా, హెస్సె-హోంబుర్గ్ రాకుమారుని భార్య, కొత్త మహారాణికి సన్నిహితురాలు. బెత్స్కోయ్‌కి యువరాజు పీటర్ కొలువులో స్థానం లభించింది. 1744లో ఆ యువరాజుకు వధువుగా ఒక జర్మన్ రాకుమారి తన తల్లి జొహన్నా ఎలిజబెత్‌తో కలిసి రష్యాకు వచ్చింది. ఆమే తరువాతి కాలపు రెండవ కేథరిన్. జొహన్నాకు, బెత్స్కోయ్‌కి పూర్వ పరిచయం ఉన్నందున కేథరిన్ నిజానికి ఇతని కుమార్తె అనే పుకారు పుట్టి ఇతని మరణానంతరం కూడా నిలిచింది. దీనికి ఆధారమేదీ లేదు.

1747లో బెత్స్కోయ్ కొలువు వదలి విదేశాలకు వెళ్ళి, సుమారు 15 సంవత్సరాలు ఎక్కువగా పారిస్‌లో గడిపాడు. అక్కడ విజ్ఞాన సర్వస్వం రచయితల వర్గంతో పరిచయమైంది. పిల్లలను దండించి భయపెట్టడం కాక, సహజంగా ఎదగనిచ్చి మంచి మనుషులను తయారుచేయాలనే ఆలోచనలు అప్పటి పారిస్ సమాజంలో విరివిగా చర్చకు వచ్చేవి. ఆసుపత్రులు, అనాథ గృహాలు, పాఠశాలలు ఎలా నడుస్తున్నాయో బెత్స్కోయ్ స్వయంగా చూశాడు. ఇతను స్వతంత్ర ఆలోచనాపరుడు కాడని, పశ్చిమ ఐరోపా రచయితల భావాలనే రష్యాకు తెచ్చాడని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అది చాలావరకు నిజమే. కాని ఆ భావాలను పుస్తకాలలోనుండి తీసి ఇటుకలతో కట్టడానికి పూనుకున్నవారు ఆ కాలంలో చాలా తక్కువ.

కేథరిన్ దర్బారులో

1762లో మూడవ పీటర్ ఇతనిని వెనుకకు పిలిపించి రాజ భవన నిర్మాణ శాఖకు అధిపతిని చేశాడు. అదే సంవత్సరం జూన్‌లో కేథరిన్ భర్తను తొలగించి సింహాసనాన్ని ఆక్రమించింది. ఆ కుట్రలో తన పాత్ర పెద్దదని చెప్పుకొని బెత్స్కోయ్ మహారాణి ఎదుట మోకరిల్లాడనీ, ఆమె నవ్వు ఆపుకొని పట్టాభిషేకానికి కిరీటం తయారు చేయించే బాధ్యతను అప్పగించి సంతృప్తి పరచిందనీ ప్రిన్సెస్ దాష్కొవా తన జ్ఞాపకాలలో రాసింది. దాష్కొవాకు బెత్స్కోయ్ అంటే గిట్టదు కనుక ఈ కథను కొంత జాగ్రత్తగా స్వీకరించాలి. ఏమైనా భవన నిర్మాణ శాఖ ఇతని చేతిలోనే ఉంది. నెవా నది గట్టుకు నల్లరాతి కట్టడం, వేసవి ఉద్యానవనపు ఇనుప కంచె, శిల్పి ఫాల్కొనే చెక్కిన మొదటి పీటర్ అశ్వ విగ్రహం ఇతని పర్యవేక్షణలో జరిగిన పనులే. ఫాల్కొనేతో ఇతనికి నిత్యం తగవులు జరిగేవి. విగ్రహం 1782లో ఆవిష్కృతం కావడానికి ముందే ఆ శిల్పి విసిగి 1778లో రష్యా వదలి వెళ్ళిపోయాడు.

మాస్కో శిశుశరణాలయం

దిక్కులేని శిశువుల కొరకు రష్యాలో అంతకు ముందు కూడా కొన్ని ప్రయత్నాలు జరిగాయి. నోవ్‌గొరోద్ మతాధిపతి యోవ్ 1706లో ఒక మఠంలో ఇటువంటి గృహాన్ని నెలకొల్పాడు. మొదటి పీటర్ 1712, 1715 సంవత్సరాలలో చర్చిల పక్కన శిశువులను రహస్యంగా స్వీకరించే గృహాలు ఏర్పరచమని ఆజ్ఞలు జారీచేశాడు. పీటర్ మరణించిన తరువాత అవి మూతపడ్డాయి.

బెత్స్కోయ్ 1763లో మాస్కో శిశుశరణాలయ ప్రణాళికను మహారాణికి సమర్పించాడు. దాని రచనలో మాస్కో విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆంతోన్ బార్సొవ్ సహకరించాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 1న ప్రకటన వెలువడింది. రష్యన్ భాషలో ఈ సంస్థకు పెట్టిన పేరుకు పెంపక గృహం అని అర్థం. శిశువులను బతికించడం ఒక్కటే సంస్థ ఆశయం కాదు. ప్రభువులు, సెర్ఫులు తప్ప మధ్యతరగతి అంటూ దాదాపు లేని రష్యాలో చదువు, వృత్తినైపుణ్యం, స్వేచ్ఛ కలిగిన ఒక కొత్త వర్గాన్ని తయారుచేయాలని బెత్స్కోయ్ సంకల్పించాడు. పాత సమాజపు మూఢత్వం, క్రౌర్యం తల్లిదండ్రులనుండే పిల్లలకు సంక్రమిస్తాయని ఇతని నమ్మకం. ఆ ప్రకారం చూస్తే తల్లిదండ్రులే లేని బిడ్డలు ఇతని ప్రయోగానికి అన్ని విధాలా తగినవారు.

1764 ఏప్రిల్ 21న, మహారాణి పుట్టినరోజున, మాస్క్వా నది ఒడ్డున శంకుస్థాపన జరిగింది. భవనానికి కార్ల్ బ్లాంక్ వాస్తుశిల్పి. నగరంలో అంతకు ముందు ఎన్నడూ చూడనంత పెద్ద కట్టడాలలో అది ఒకటి. ఆ రోజునే 19 మంది శిశువులను స్వీకరించారు. మొదటి ఇద్దరికి మహారాణి, యువరాజుల పేర్లమీద ఎకతెరీనా, పావెల్ అని నామకరణం చేశారు. ఇద్దరూ కొద్దికాలానికే మరణించారు.

శరణాలయ నియమాలు

ఏ రోజైనా, ఏ వేళలోనైనా శిశువును తీసుకువచ్చి అప్పగించవచ్చు. తెచ్చినవారు ఎవరు, తల్లి ఎవరు అని అడగరాదు. బిడ్డకు జ్ఞానస్నానం జరిగిందా, జరిగితే పేరేమిటి అనే రెండు ప్రశ్నలు మాత్రమే అడగాలి. పరువుకు భయపడిన తల్లులు బిడ్డలను చంపివేయకుండా ఆపడమే ఈ నియమం ఉద్దేశం. చేరిన ప్రతి శిశువుకు ఒక సంఖ్య కేటాయించేవారు.

పెంపకం గురించిన నియమాలు ఆ కాలానికి చాలా ఉదారమైనవి. పిల్లలను కొట్టడం పూర్తిగా నిషిద్ధం. మంచి గాలి, శుభ్రత, ఆట, తేలికపాటి దుస్తులు అవసరమని చెప్పారు. ఈ విషయాలపై ఐరోపా వైద్యుల, రచయితల గ్రంథాలనుండి సేకరించిన ఒక చిన్న పుస్తకాన్ని బెత్స్కోయ్ 1766లో ప్రచురించాడు. పసితనంలో దాదుల సంరక్షణ, ఏడేళ్ళ వయసునుండి రోజుకు కొద్దిసేపు చదువు, తేలిక పనులు, ఆపై లెక్కలు, భూగోళం, చిత్రలేఖనం, యుక్తవయసులో ఏదో ఒక వృత్తి అనేది క్రమం. బాలికలకు కూడా చదవడం, రాయడం నేర్పాలని నియమం. మగపిల్లలకే బడి అరుదైన ఆ రోజులలో ఇది సామాన్యమైన విషయం కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చట్టబద్ధమైన హక్కు. శరణాలయంలో పెరిగినవారు, వారి సంతానం శాశ్వతంగా స్వతంత్రులు. వారిని ఎవరూ ఏ విధంగానూ సెర్ఫులుగా మార్చరాదు. రైతులలో అత్యధికులు భూస్వాముల ఆస్తిగా కొనబడి అమ్మబడుతున్న దేశంలో, వీధిలో దొరికిన బిడ్డకు ఇచ్చిన హక్కు ఇది. తమ బిడ్డ స్వేచ్ఛగా బతకాలనే ఆశతో, వివాహిత సెర్ఫు తల్లులు కూడా శిశువులను రహస్యంగా శరణాలయానికి పంపిన సందర్భాలు ఉన్నాయని చరిత్రకారులు భావిస్తున్నారు. అయితే ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై ఆ హక్కును అనుభవించే అవకాశం ఎంత తక్కువో వారికి తెలిసి ఉండదు.

శిశు మరణాలు

మొదటి సంవత్సరంలో 500 మందికి పైగా శిశువులు చేరగా, వారిలో ప్రతి ఐదుగురిలో నలుగురు మరణించారు. 1767లో పరిస్థితి మరింత విషమించి, ఆ సంవత్సరం చేరినవారిలో దాదాపు అందరూ చనిపోయారు. 18వ శతాబ్దంలో మాస్కో శరణాలయంలో చేరిన సుమారు 40 వేల మందిలో 100కి 80 మందికి పైగా మరణించినట్లు లెక్కలు ఉన్నాయి. ఈ దుస్థితి రష్యాకే పరిమితం కాదు. అదే కాలంలో పారిస్, లండన్ అనాథ గృహాలలో కూడా మరణాలు భయంకరంగా ఉండేవి.

కారణాలు అనేకం. ప్రధానమైనది పాల కొరత. సీసా పాలు, పాలపొడి లేని ఆ కాలంలో తల్లిపాలు దొరకని శిశువు బతకడం దుర్లభం. జీతానికి వచ్చే పాలదాదులు ఎన్నడూ చాలినంతమంది దొరకలేదు. ఒక్కొక్క దాదికి ఇద్దరు ముగ్గురు శిశువులను అప్పగించవలసి వచ్చేది. దూర ప్రాంతాలనుండి చలిలో బండ్లమీద తెచ్చిన బిడ్డలు చేరేసరికే కొనప్రాణంతో ఉండేవారు. పెద్ద గదులలో వరుసగా పడుకోబెట్టిన శిశువులలో ఒకరికి జ్వరమో విరేచనాలో పట్టుకుంటే అందరికీ వ్యాపించేది. సుఖవ్యాధి ఉన్న శిశువునుండి దాదికి, దాదినుండి మరొక శిశువుకు సోకేది. శిశువులను అడ్డులేకుండా స్వీకరించడమనే ఉదార నియమమే గదులను కిక్కిరిసేలా చేసి మరణాలను పెంచింది. బెత్స్కోయ్ పీటర్స్‌బర్గ్‌లో ఉండేవాడు. మాస్కోలో రోజువారీ వ్యవహారం పర్యవేక్షకుల చేతిలోను, ధర్మకర్తల మండలి చేతిలోను ఉండేది. నియమాలు రాసినంత సులువుగా వాటిని అమలుచేసే మనుషులను తయారుచేయడం ఇతనికి సాధ్యం కాలేదు.

1760ల చివరనుండి శిశువులను పల్లెలలోని రైతు స్త్రీలకు నెలకింత అని చెల్లించి పెంపకానికి ఇవ్వడం మొదలుపెట్టారు. తల్లిదండ్రుల వంటి అజ్ఞానులనుండి పిల్లలను దూరంగా పెంచాలనే బెత్స్కోయ్ మూలసూత్రానికి ఇది పూర్తిగా విరుద్ధం. అయినా శిశువుల ప్రాణాలు కాపాడటానికి వేరే మార్గం కనిపించలేదు. పల్లెలలో కూడా మరణాలు ఎక్కువే. కాలక్రమంలో కొన్ని గ్రామాలలో ఈ పెంపకమే ఒక జీవనోపాధిగా మారిపోయింది.

మరణాలు తగ్గించడంలో వైద్యులు సాధించిన కొన్ని విజయాలు కూడా పేర్కొనదగినవి. 1767లో వైద్యుడుగా నియమితుడైన షార్ల్ ద మెర్టెన్స్, 1771లో మాస్కోను ప్లేగు కబళించినప్పుడు శరణాలయపు తలుపులు మూయించి రాకపోకలను కట్టుదిట్టం చేశాడు. నగరంలో వేలాదిమంది మరణిస్తుండగా, వెయ్యిమందికి పైగా ఉన్న ఆ భవనంలో ప్లేగు వ్యాపించలేదు. తన అనుభవాన్ని మెర్టెన్స్ తరువాత గ్రంథస్థం చేశాడు. మశూచికి ఆనాటి పద్ధతిలో టీకాలు వేయడం కూడా శరణాలయంలో ఆచరణలోకి వచ్చింది.

బతికినవారి భవిష్యత్తు

పసితనం దాటి బతికిన కొద్దిమందికి ఏమి లభించింది అనే ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ప్రతిభ గలవారిని మాస్కో విశ్వవిద్యాలయానికి, లలితకళల అకాడమీకి పంపాలని ప్రణాళికలో ఉంది. కొందరు నిజంగానే వెళ్ళారు. అత్యధికులు చేతివృత్తులలో, కర్మాగారాలలో, ఇళ్ళలో పనివారుగా స్థిరపడ్డారు. నాలుగు గోడల మధ్య పెరిగిన పిల్లలకు డబ్బు లెక్క, బజారు వ్యవహారం, ఇరుగుపొరుగు మర్యాద తెలియక బయటి ప్రపంచంలో తికమకపడేవారు. శరణాలయంలోనే కర్మశాలలు పెట్టించినా, వాటిని నడిపే యజమానులకు పిల్లలకు పని నేర్పడం కంటే పని చేయించుకోవడం మీదనే ఆసక్తి ఎక్కువగా ఉండేది.

ఊహించని రంగంలో మాత్రం శరణాలయం గొప్ప ఫలితాన్ని ఇచ్చింది. 1773లో ఫిలిప్పో బెక్కారి అనే నాట్యాచార్యుని నియమించి పిల్లలకు బాలే నృత్యం నేర్పించారు. నాలుగేళ్ళలోపే వారిలో పలువురు రంగస్థలానికి సిద్ధమయ్యారు. 1779లో కార్ల్ క్నిప్పర్ పీటర్స్‌బర్గ్‌లో నెలకొల్పిన నాటకశాలలో నటులు మాస్కో శరణాలయంనుండి వచ్చిన యాభైమంది యువతీయువకులే. మాస్కోలో మైకేల్ మాడొక్స్ నడిపిన పెత్రోవ్‌స్కీ నాటకశాలకు కూడా ఇక్కడినుండి కళాకారులు వెళ్ళారు. ప్రపంచ ప్రసిద్ధి చెందిన బల్షోయ్ బాలే పాఠశాల తన చరిత్రను ఈ 1773 నాటి తరగతినుండే లెక్కించుకుంటుంది. తల్లిదండ్రులెవరో తెలియని పిల్లలు రష్యన్ బాలేకు మూలపురుషులు కావడం బెత్స్కోయ్ ప్రణాళికలో ఎక్కడా లేని విషయం.

ఆదాయ మార్గాలు

శరణాలయానికి ఖజానానుండి నేరుగా నిధులు కేటాయించక, దానధర్మాలమీద నడపాలని నిర్ణయించారు. కేథరిన్ ఒకేసారి లక్ష రూబుళ్ళు, ఏటా 50 వేల రూబుళ్ళు ఇస్తానని ప్రకటించింది. ఉరల్ ప్రాంతపు గనుల అధిపతి ప్రొకోఫీ దెమీదొవ్ భారీ విరాళం ఇచ్చాడు. 1772లో శరణాలయానికి అనుబంధంగా వర్తక పాఠశాల ఏర్పడింది కూడా ఇతని ధనంతోనే. బెత్స్కోయ్ కూడా తన సొంత ఆస్తిలో పెద్ద భాగాన్ని ఇచ్చాడు. ఇవికాక నాటక ప్రదర్శనల ఆదాయంలో వాటా, పేకముక్కలమీద పన్ను శరణాలయానికి లభించేవి. 19వ శతాబ్దంలో పేకముక్కల తయారీ హక్కు కూడా శరణాలయానికే దక్కింది. పిల్లలకు తన రక్తాన్ని ఆహారంగా ఇస్తున్న పెలికాన్ పక్షి, శరణాలయపు చిహ్నం, ఆ ముక్కలపై ముద్రించబడేది.

1772లో ఏర్పడిన తాకట్టు ఖజానా, పొదుపు ఖజానా, వితంతువుల ఖజానా అన్నిటికంటే పెద్ద ఆదాయ మార్గాలయ్యాయి. ప్రభువులు తమ ఎస్టేట్లను, వాటితోపాటు సెర్ఫులను శరణాలయ ధర్మకర్తల మండలి వద్ద తాకట్టుపెట్టి అప్పు తీసుకునేవారు. గొగోల్ నవల మృత జీవులులో చిచికొవ్ చచ్చిపోయిన సెర్ఫుల పేర్లను కొనేది ఈ మండలి వద్ద తాకట్టు పెట్టడానికే. తన బిడ్డలను సెర్ఫులు కానీయని సంస్థ, లక్షలాది సెర్ఫుల తాకట్టుమీద వచ్చే వడ్డీతో నడిచింది.

ఇతర విద్యాసంస్థలు

1764లో ప్రభువంశ బాలికల కొరకు స్మోల్నీ సంస్థ ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం సామాన్య కుటుంబాల బాలికలకు కూడా అక్కడ ఒక శాఖ ఏర్పడింది. రష్యాలో ప్రభుత్వ స్త్రీవిద్యకు ఇది ఆరంభంగా పరిగణించబడుతుంది. బాలికలను ఆరేళ్ళ వయసులో చేర్చుకొని, 12 సంవత్సరాలు ఇంటికి పంపకుండా ఉంచేవారు. లలితకళల అకాడమీలోను, సైనిక విద్యాలయంలోను కూడా చిన్న పిల్లలను చేర్చుకొని కుటుంబానికి దూరంగా పెంచే ఇదే పద్ధతిని బెత్స్కోయ్ ప్రవేశపెట్టాడు. ఆ సైనిక విద్యాలయంలో చదివినవారిలో కేథరిన్‌కు గ్రిగొరీ ఒర్లోవ్ వలన కలిగిన కుమారుడు అలెక్సేయ్ బొబ్రిన్స్కీ ఒకడు. ఆ బాలుని బాగోగులు చాలాకాలం బెత్స్కోయ్ చూశాడు. 1770లో పీటర్స్‌బర్గ్‌లో కూడా శిశుశరణాలయ శాఖ ప్రారంభమై, 1780లో స్వతంత్ర సంస్థ అయింది.

1773లో సెనేట్ ఇతని గౌరవార్థం ప్రత్యేక స్వర్ణపతకాన్ని ప్రదానం చేసింది. ఇతని ప్రణాళికల ఫ్రెంచి అనువాదం హాలండ్‌లో ముద్రించబడి ఐరోపా అంతటా ప్రచారం పొందింది. విదేశీ యాత్రికులు మాస్కో భవనాన్ని తప్పక చూసి మెచ్చుకునేవారు. వారికి పరిశుభ్రమైన గదులు, క్రమశిక్షణ గల పిల్లలు కనిపించేవారు. మరణాల పట్టికలు సాధారణంగా కనిపించేవి కావు.

వ్యక్తిగత జీవితం

బెత్స్కోయ్ వివాహం చేసుకోలేదు. ఇతని ఇంట పెరిగిన అనస్తాసియా సొకొలొవా ఇతని కుమార్తె అని చాలామంది భావించారు. ఆమె 1776లో, తరువాతి కాలంలో ఒదెస్సా నగర స్థాపకుడుగా పేరుపొందిన హోసె దె రీబాస్‌ను వివాహమాడింది. స్మోల్నీ మొదటి తరగతి విద్యార్థిని గ్లఫీరా అలీమొవాపై డెబ్బయ్యేళ్ళ వయసులో బెత్స్కోయ్ మోహం పెంచుకోవడం ఇతని జీవితంలో ఒక అపశ్రుతి. తండ్రిగానో భర్తగానో ఆమెను తన అధీనంలో ఉంచుకోవాలని ఆయన పెట్టిన ఒత్తిడిని ఆమె తన జ్ఞాపకాలలో వివరించింది. ఆమె చివరకు 1777లో అలెక్సేయ్ ర్జేవ్‌స్కీని పెళ్ళాడింది. బాలికల సంస్థకు పెద్దదిక్కుగా ఉన్న వ్యక్తి ఆ స్థానాన్ని ఈ విధంగా ఉపయోగించుకోవడం సమర్థనీయం కాదు.

చివరి దశ, మరణం

1780లనాటికి బెత్స్కోయ్‌పై కేథరిన్‌కు ఆదరణ తగ్గింది. దేశవ్యాప్తంగా పాఠశాలలు నెలకొల్పడానికి 1782లో నియమించిన సంఘంలో ఇతనికి చోటు దక్కలేదు. ప్రజలను కుటుంబాలనుండి వేరుచేసి కొత్త మనుషులను సృష్టించడం కంటే, ఆస్ట్రియా నమూనాలో మామూలు బడులు పెట్టడమే మేలని మహారాణి భావించింది. వృద్ధాప్యంలో బెత్స్కోయ్ చూపు కోల్పోయాడు, పక్షవాతం సోకింది. 1795లో 91 సంవత్సరాల వయసులో మరణించాడు. అలెక్సాందర్ నేవ్‌స్కీ మఠంలో ఖననం చేశారు. కవి దెర్జావిన్ ఇతని మరణంపై ఒక గీతం రాశాడు.

తదనంతర చరిత్ర

1797లో పావెల్ చక్రవర్తి భార్య మరియా ఫ్యోదొరొవ్నా శిశుశరణాలయాల బాధ్యత స్వీకరించింది. ఆమె మొదట గమనించినది మరణాల సంఖ్యనే. శరణాలయం లోపల ఉంచే పిల్లల సంఖ్యను ఒక్కొక్క నగరంలో 500కు పరిమితం చేసి, మిగిలినవారిని నమ్మకమైన రైతు కుటుంబాలకు అప్పగించే ఏర్పాటు చేసింది. 1826లో ఆమె పూనికతో మాస్కో శరణాలయపు బాలుర కొరకు పెద్ద కర్మశాలలు పెట్టాలని నిర్ణయం జరిగి, 1830లో అది వృత్తి విద్యాలయంగా రూపొందింది. నేటి బౌమన్ సాంకేతిక విశ్వవిద్యాలయం దాని కొనసాగింపే. 1837లో మాత్రం ఒక వెనుకడుగు పడింది. పల్లెలకు పంపిన పిల్లలను చదువు కొరకు తిరిగి నగరానికి తేవడం నిలిపివేశారు. అప్పటినుండి శరణాలయపు బిడ్డలలో అత్యధికులకు పల్లెలో రైతు జీవితమే మిగిలింది. తల్లి ఎవరో అడగకుండా స్వీకరించే నియమం 1890ల ఆరంభం వరకు కొనసాగింది. ఆ తరువాత పత్రాలు అడగడం మొదలైంది.

1917 విప్లవంతో పాత శరణాలయాలు రద్దయ్యాయి. అంతర్యుద్ధం, 1921-22 నాటి కరవు మూలంగా లక్షలాది పిల్లలు వీధిన పడగా, సోవియట్ ప్రభుత్వం కొత్తగా బాలగృహాలను విస్తరించింది. 1922 నాటికి ఒక్క రష్యా రిపబ్లిక్‌లోనే ఐదు లక్షలకు పైగా పిల్లలు వాటిలో ఉన్నారు. పెద్ద సంస్థలో పెంచాలా, కుటుంబంలో పెంచాలా అనే బెత్స్కోయ్ కాలపు వివాదం ఆ తరువాత కూడా తెగలేదు. బాలగృహాలు విడిచే యువతకు నివాసం, విద్యలో సహాయం హామీ ఇచ్చే చట్టాన్ని రష్యా 1996లో చేసింది. బాలగృహాలలో పిల్లలను కుటుంబం తరహాలో చిన్న బృందాలుగా ఉంచాలని, సంస్థలో ఉండటం తాత్కాలికమే కావాలని 2014లో ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది.

మాస్క్వా నది ఒడ్డున కార్ల్ బ్లాంక్ కట్టిన భవనం 1812 నాటి అగ్నిప్రమాదాన్ని కూడా తట్టుకొని నిలిచింది. విప్లవం తరువాత అది కార్మిక సంఘాల కార్యాలయాలకు, పత్రికలకు నిలయమైంది. 1938నుండి చాలా దశాబ్దాలు సైనిక అకాడమీ అందులో నడిచింది. పీటర్స్‌బర్గ్‌లో మొయ్కా నది పక్కనున్న శిశుశరణాలయ భవనాలలో గేర్ట్సెన్ ఉపాధ్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ ఆవరణలో బెత్స్కోయ్ అర్ధశిల్పం ప్రతిష్ఠించబడింది.